కెమెరా మార్చాలా... ఉన్నది చాలా?

బీరువాలో పాత కాంపాక్ట్ కెమెరా ఉంది. చేతిలో సెల్‌ఫోన్ ఉంది. అయినా దసరా దగ్గరపడుతోందంటే చాలు, కొత్త కెమెరా మీదికి మనసు పోతుంది. కొనాలా? ఉన్నదాంతోనే కానిచ్చేయాలా? డబ్బు బయటికి తీసేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

తెలంగాణ పల్లెల్లో పాత ఇళ్ల గోడలు చూడండి. తాత ఫొటో నలుపు తెలుపుల్లో ఉంటుంది. అమ్మానాన్నల పెళ్లి ఫొటో రంగుల్లోనే ఉంటుంది కానీ కాస్త వెలిసిపోయి ఉంటుంది. మరి పిల్లల ఫొటోలో? అవి గోడ మీద ఉండవు, సెల్‌ఫోన్‌లో ఉంటాయి. వేలకు వేలు! ఒక్కటి చూపించమంటే పావుగంట వెతకాలి.

కెమెరాలు మెరుగవుతున్నకొద్దీ గోడలు బోసిపోతున్నాయన్నమాట. కొత్త కెమెరా కొనాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ విచిత్రాన్ని మరచిపోకూడదు.

పన్నెండు ఫొటోల రోజులు

ఒకప్పుడు మధ్యతరగతి ఇంట్లో కెమెరా అంటే ఆగ్ఫా క్లిక్-3. దాంట్లో రీలు వేస్తే వచ్చేవి పన్నెండు ఫొటోలే. అందుకే ఒక్కో మీట నొక్కేముందు ఇంటిల్లిపాదీ బిగుసుకుపోయి నిలబడేవారు. 1980లలో హాట్‌షాట్ వచ్చింది. ఆ తర్వాత యాషికా ఎంఎఫ్-2, కొడాక్ కేబీ-10 లాంటివి పెళ్లిళ్లలో, తీర్థయాత్రల్లో భుజాలకు వేలాడాయి. రీలు కడిగించడానికి పట్నం పంపి, వారం రోజులు ఎదురుచూడటం కూడా పండగలో భాగమే.

రీలు అక్కర్లేని కెమెరాను కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ 1975లోనే తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క ఫొటోను క్యాసెట్‌లోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. పదును 0.01 మెగాపిక్సెల్! అది చిక్కి చిక్కి చొక్కా జేబులోకి వచ్చేసరికి పాతికేళ్లు గడిచాయి. 2000 తర్వాత మన ఊళ్లలోకీ అడుగుపెట్టింది. అమెరికాలో ఉన్న అబ్బాయి తెచ్చిందో, హైదరాబాద్ కోఠిలో బేరమాడి కొన్నదో... మూడు మెగాపిక్సెళ్లో, అయిదో ఉన్న ఆ వెండి రంగు డబ్బా ఇంటికొక ముచ్చట.

ఆ ముచ్చట ఎక్కువకాలం నిలవలేదు. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కు వెళ్లాయి. వాటిలో ఎక్కువ భాగం కాంపాక్ట్‌లే. 2023కి వచ్చేసరికి అన్ని రకాలూ కలిపి 80 లక్షలు కూడా లేవు. అందులో కాంపాక్ట్‌లు 17 లక్షల చిల్లర. డిజిటల్ కెమెరాకు ప్రాణం పోసిన కొడాక్ సంస్థే 2012లో కెమెరాల తయారీ మానేసింది. సెల్‌ఫోన్ దెబ్బ అలాంటిది మరి!

తమాషా ఏమిటంటే, మూలన పడిన ఆ పాత కాంపాక్ట్‌లకే ఇటీవల కుర్రకారులో మళ్లీ గిరాకీ వచ్చింది. ఖరీదైన కొత్త కాంపాక్ట్‌లూ వస్తున్నాయి. కొన్నింటి ధర లక్ష దాటింది. అందుకే ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది... మార్చాలా, ఉన్నది చాలా?

ఇదీ ఆ ప్రశ్న

‘కొత్త కెమెరాలో ఏమేం ఉన్నాయి?’ అని అడిగితే దుకాణదారు గంటసేపు చెబుతాడు. అడగాల్సింది అది కాదు. ‘నా కెమెరాతో నేను తీయలేకపోయిన ఫొటో ఏది?’ అని అడగాలి. అదీ దుకాణదారును కాదు, మిమ్మల్ని మీరే.

ఒక పని చేయండి. గడిచిన రెండేళ్లలో పాడైన ఫొటోలు ఓ ఇరవై ఏరండి. వాటిని కుప్పలుగా విడదీయండి.

అలికినట్టు వచ్చినవి ఒక కుప్ప. వీటిలో చాలావరకు చెయ్యి కదిలినవే. కెమెరాను గోడ మీదో, అరుగు మీదో పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే అదే కెమెరా అద్దంలా తీస్తుంది. ఖర్చు సున్నా.

నవ్వు అయిపోయాక మీట పడినవి ఇంకో కుప్ప. పాత కాంపాక్ట్‌లకున్న పెద్ద జబ్బు ఇది. మీటను సగం నొక్కి పట్టుకుంటే కెమెరా ముందే గురి సరిచూసుకుంటుంది. సమయం రాగానే మిగతా సగం నొక్కితే వెంటనే పడుతుంది. దీనికీ ఖర్చు లేదు.

కళ్ల కింద నల్లగా, నుదురు తెల్లగా వచ్చినవి మూడో కుప్ప. అది కెమెరా తప్పు కాదు, మిట్టమధ్యాహ్నం ఎండ మహిమ. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల ఎండలో లక్ష రూపాయల కెమెరా కూడా అలాగే తీస్తుంది. మనిషిని వేపచెట్టు నీడలోకో, వసారాలోకో జరిపితే చాలు.

దూరంగా ఉండి చీమంత కనిపించేవి నాలుగో కుప్ప. చీకట్లో మసకగా, చుక్కలు చుక్కలుగా వచ్చినవి అయిదో కుప్ప. ఈ రెండు కుప్పలే పెద్దవైతే... అప్పుడు కొత్త కెమెరా గురించి ఆలోచించాల్సిందే. మొదటి మూడే పెద్దవైతే మాత్రం కొత్తది కొన్నా పాత తప్పులే, కాకపోతే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి!

మెగాపిక్సెల్ మాయ

‘నాది అయిదు మెగాపిక్సెళ్లే కదా’ అని చిన్నబుచ్చుకునేవాళ్లు ఒక చిన్న లెక్క చూడాలి. ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 అంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 1200×1800... అంటే దాదాపు 22 లక్షల చుక్కలు చాలు. రెండు మెగాపిక్సెళ్ల పైన కొంచెం. గోడకు తగిలించే 8×12 ఫొటోకు అదే లెక్కన 86 లక్షలు కావాలి. కానీ గోడ మీది ఫొటోను ముక్కు ఆనించి చూడం కదా! అంగుళానికి 200 చుక్కలు వేసినా బాగానే ఉంటుంది. అప్పుడు 38 లక్షలు సరిపోతాయి. అంటే అయిదు మెగాపిక్సెళ్ల పాత కెమెరా కూడా గోడ ఎక్కడానికి పనికొస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇటలీ ఫొటోగ్రాఫర్ అలెక్స్ మజోలి సంగతి వినండి. ప్రపంచ ప్రసిద్ధి చెందిన మ్యాగ్నమ్ బృందం సభ్యుడాయన. 2003లో ఇరాక్ యుద్ధాన్ని తీసింది అయిదు మెగాపిక్సెళ్ల ఒలింపస్ కాంపాక్ట్ కెమెరాలతో. ఆ ఫొటోలు పెద్ద పెద్ద పత్రికల్లో అచ్చయ్యాయి, అవార్డులూ తెచ్చాయి. చిన్న కెమెరా కావడంతో ఎదుటివాళ్లు బెదిరిపోకపోవడం ఆయనకు కలిసొచ్చిన అంశం. ఊళ్లో ముసలమ్మల ఫొటో తీయబోయేవాళ్లకూ అదే కలిసొస్తుంది.

బతుకమ్మ పరీక్ష

అయితే చిన్న కెమెరా చేతులెత్తేసే చోటు ఒకటుంది. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం! పొద్దు గుంకుతుంది. తంగేడు, గునుగు పూల దొంతరలు మధ్యలో ఉంటాయి. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ కదులుతూ ఉంటారు. వెలుతురు తక్కువ, కదలిక ఎక్కువ. ఫ్లాష్ వేస్తే దగ్గరున్న ఇద్దరి ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి, వెనకంతా కటిక చీకటి. చిన్న కెమెరా ఫ్లాష్ వెలుగు పోయేది మూడు మీటర్ల దాకానే మరి.

దీనికి కారణం మెగాపిక్సెళ్లు కాదు, వెలుతురును పట్టుకునే సెన్సర్ సైజు. పాత కాంపాక్ట్‌లలో అది సుమారు 5.8×4.3 మిల్లీమీటర్లు. అంటే కందిగింజంత! ఒక అంగుళం సెన్సర్ అని పిలిచేది నిజానికి 13.2×8.8 మిల్లీమీటర్లు. చింతగింజంత. ఏపీఎస్-సీ రకం 23.5×15.6 మిల్లీమీటర్లు. తపాలా బిళ్లంత. వాన కురుస్తుంటే వాకిట్లో చెంబు పెట్టినా, గంగాళం పెట్టినా పడేది అదే వాన. కానీ నిండేది వేరు కదా! వెలుతురూ అంతే. కందిగింజతో పోలిస్తే చింతగింజ వైశాల్యం నాలుగు రెట్లకు పైనే. తపాలా బిళ్ల దాదాపు పదిహేను రెట్లు.

కాబట్టి కొత్తది కొనదలిస్తే చూడాల్సింది అట్ట పెట్టె మీది మెగాపిక్సెళ్లు కాదు, సెన్సర్ సైజు. కందిగింజ కెమెరాను ఇచ్చేసి ఇంకో కందిగింజ కెమెరా తెచ్చుకుంటే ఖర్చే తప్ప మార్పు ఉండదు. పైగా ఇప్పటి మంచి సెల్‌ఫోన్లు చీకట్లో వెంటవెంటనే నాలుగైదు ఫొటోలు తీసి, కలిపి, ఒక్కటిగా చేసిస్తున్నాయి. చవక రకం కొత్త కాంపాక్ట్ ఆ పనిలో ఫోన్‌కు సాటి రాదు. చాలా ఫోన్లకు చేతకానిది ఒక్కటే... దూరాన్ని నిజంగా దగ్గరికి లాగే లెన్స్ జూమ్. బడిలో ఆటల పోటీలు, చెరువు మీది కొంగలు, కొండ మీది కోట... ఇవే మీ సరదా అయితే మంచి జూమ్ ఉన్న కెమెరాకు అర్థం ఉంది. అన్నట్టు ‘డిజిటల్ జూమ్’ను జూమ్‌గా లెక్కించకండి. అది ఫొటో అంచులు కత్తిరించి మధ్య ముక్కను సాగదీయడమే!

పాతదానికి ఆయువెంత?

కెమెరా బాగానే ఉన్నా తోడు సామాన్లు మొరాయిస్తాయి. స్టూడియో కౌంటర్ దగ్గర ఇలాంటి మాటలు వినిపిస్తుంటాయి...

‘అన్నా, దీనికి బ్యాటరీ దొరుకుతదా?’

‘కంపెనీదైతే బందయింది తమ్మీ. వేరేది దొరుకుతది గాని, ఎన్ని దినాలొస్తదో చెప్పలేను.’

పెన్సిల్ సెల్స్‌తో నడిచే కెమెరా అయితే ఈ బెంగ లేదు. రీచార్జి చేసుకునే పెన్సిల్ సెల్స్ వేస్తే ఇంకా నయం. సొంత ఆకారం బ్యాటరీ ఉన్న రకమైతే ముందు అది ఉబ్బిందేమో చూసుకోవాలి. ఉబ్బితే వాడకూడదు.

రెండోది మెమరీ కార్డు. 2006కు ముందు తయారైన కెమెరాలు సాధారణంగా 2 జీబీ కంటే పెద్ద ఎస్‌డీ కార్డును గుర్తించవు. 64 జీబీ కార్డు వేసి ‘కెమెరా చచ్చిపోయింది’ అనుకోవద్దు. పాత చిన్న కార్డు వేసి చూడండి. ఒలింపస్, ఫుజీల పాత మోడళ్లు కొన్ని ఎక్స్‌డీ కార్డులతో, సోనీవి మెమరీ స్టిక్‌తో నడిచేవి. వాటికి కార్డు దొరకడమే గగనం. ఉన్న కార్డు జాగ్రత్త.

మూడోది దుమ్ము, బూజు. ముందుకు వచ్చి వెనక్కి పోయే లెన్స్‌కు మన ఎర్రమట్టి దుమ్ము శత్రువు. ఒక్క రేణువు ఇరుక్కున్నా లెన్స్ బిగుసుకుపోతుంది. వానాకాలంలో తోలు సంచిలో ఉంచితే లెన్స్‌కు బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలతో కలిపి గాలి చొరని డబ్బాలో పెడితే చాలాకాలం నిలుస్తుంది. లెన్సే పాడైతే మాత్రం మరమ్మతుకు పెట్టే డబ్బు దండగ. దానికి వీడ్కోలు చెప్పడమే మేలు.

గడువున్న ఫొటోలు

ఇంతవరకూ కెమెరా లెక్క. అసలు లెక్క ఇంకొకటుంది. కెమెరాకు తొందర లేదు, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కొనొచ్చు. కానీ ఫొటోకు గడువు ఉంటుంది.

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం వాళ్లకు ఈ మాట ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను వంచేసిన ప్రాంతమది. ఎన్ని అంకెలు చెప్పినా కదలని వ్యవస్థ, కళ్లారా చూస్తే కదులుతుందన్న ఆశతో 2003లో జల సాధన సమితి బాధితులను ఢిల్లీ తీసుకెళ్లింది. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామిని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఎదుట బల్ల మీద పడుకోబెట్టారు. పేజీలకొద్దీ నివేదికలు చెప్పలేనిది ఆ ఒక్క దృశ్యం చెప్పింది. 2023 జనవరిలో స్వామి కన్నుమూశారు. కానీ పత్రికల్లో ఆయన ఫొటో చూసినవాళ్లు ఆ రూపాన్ని మరచిపోలేరు. అది ఎన్ని మెగాపిక్సెళ్ల ఫొటో అని ఎవరూ అడగలేదు!

ఇప్పుడు అదే మండలంలో మరో గడువు నడుస్తోంది. డిండి ఎత్తిపోతల పథకంలో భాగమైన శివన్నగూడెం జలాశయానికి 2015లో శంకుస్థాపన జరిగింది. నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూసిన నేల అది. ఆ నీళ్ల కోసమే కొన్ని కుటుంబాలు ఇళ్లనూ పొలాలనూ వదులుకోవాల్సి వస్తోంది. పరిహారం లెక్కల్లో గోడలు, గదులు, చెట్లు ఉంటాయి. తాత చెక్కించిన దర్వాజ మీది పువ్వు, అమ్మ రోజూ అలికిన అరుగు, పిల్లలు ఈత నేర్చిన బాయి, ముత్యాలమ్మ గద్దె ఎక్కడ ఉంటాయి? ఫొటోలో ఉంటాయి... తీస్తేనే.

వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ చేసింది ఇదే. బతుకమ్మలను, పల్లె ఆడపడుచులను, పాత ఇళ్లను, వాటి తలుపులను దశాబ్దాల తరబడి ఫొటోల్లోకి ఎక్కించారాయన. 2022లో ఆయన వెళ్లిపోయారు. అప్పటికే ఆ తలుపుల్లో ఎన్నో లేవు. ఫొటోలున్నాయి.

అందుకే ‘మంచి కెమెరా కొన్నాక తీద్దాంలే’ అన్న మాట అన్నింటికంటే ఖరీదైన మాట. పొద్దున ఏడు గంటల ఎండలో పాత కాంపాక్ట్ తీసిన దర్వాజ ఫొటో, రేపు కొనబోయే కెమెరా తీయలేని దర్వాజ ఫొటో కంటే ఎన్నో రెట్లు మేలు.

ఎప్పుడు కొనాలి?

పండగ పూట చీకట్లోనే, లేదా దూరం నుంచే మీకు కావాల్సిన ఫొటోలు పోతుంటే కొనొచ్చు. పాత కెమెరా లెన్స్ పాడైనా, కార్డు, బ్యాటరీ దొరక్కపోయినా కొనొచ్చు. ఫొటోలు తీసి నాలుగు రూపాయలు సంపాదించే ఆలోచన ఉన్నా కొనొచ్చు. అప్పుడు కూడా చింతగింజ సెన్సర్‌కు తగ్గకండి. కొత్తది భారమనుకుంటే వాడినది చూడొచ్చు. లెన్స్‌లోకి టార్చి వేసి బూజు ఉందేమో చూడాలి. జూమ్‌ను పదిసార్లు ముందుకీ వెనక్కీ నడపాలి. తెల్లగోడను ఫొటో తీసి మచ్చలున్నాయేమో వెతకాలి. చార్జర్ లేకుండా ఇస్తామంటే వద్దనాలి.

పక్కింటివాళ్లు కొన్నారని, కొత్త మోడల్ వచ్చిందని, పాతది చూడ్డానికి బాగాలేదని అయితే... ఆగండి. ముందు కెమెరా అప్పు తెచ్చుకుని ఒక్క పండగకు వాడి చూడండి. ఆ తర్వాత కూడా మనసు అటే లాగితే అప్పుడు కొనండి.

తీయడం సగం, దాచడం సగం

రాజా దీన్‌దయాళ్ పేరు విననివాళ్లు తక్కువ. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్‌గా వెలిగిన ఆయన 1905లో మరణించారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో సేకరించింది. నూరేళ్లనాటి గాజు పలకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఈనాటికీ మనిషి కనిపిస్తాడు. మరి పదేళ్లనాటి సెల్‌ఫోన్ ఆన్ అవుతుందా? ఆనాటి సీడీ చదవడానికి మీ కంప్యూటర్‌లో చోటుందా?

కొత్త కెమెరాకు దాచిన డబ్బులో కొంత ఇటు తిప్పండి. పాత కార్డులు, సీడీల్లోని ఫొటోలన్నీ ముందు ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉన్న అన్న దగ్గరో, చెల్లి దగ్గరో ఉంచండి. ఏడాదికి యాభై మంచి ఫొటోలు ఏరి అచ్చు వేయించండి. వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ రాయండి. ముప్పై ఏళ్ల తర్వాత ‘ఈ పక్కనున్న ఆయనెవరు?’ అని మనవడు అడిగితే చెప్పడానికి మీరు ఉండొచ్చు, లేకపోవచ్చు. రాత ఉంటుంది.

ఈ ఆదివారం తీరిక దొరికితే దుకాణానికి కాదు, బీరువా దగ్గరికి వెళ్లండి. పాత కెమెరా బయటికి తీసి బ్యాటరీ చార్జింగ్‌కు పెట్టండి. ఎండ మెత్తబడ్డాక నాయనమ్మను వాకిట్లో కూర్చోబెట్టి నాలుగు ఫొటోలు తీయండి. బాగా రాలేదా? అప్పుడు చూద్దాం, కొత్త కెమెరా సంగతి!